సగంలో శుభం

మొన్న మా మనవరాలు నన్ను మలికిపురంలో సినిమాకి తీసుకెళ్ళిందండీ. సగంలో లైట్లేసేరు. వేడి పకోడీల వాసన తగలగానే లేచి చెప్పులు తొడుక్కున్నాను.

"ఎక్కడికి అమ్మమ్మా? ఇంకా సగం ఉంది," అని చెయ్యి పట్టుకుంది.

నా చిన్నప్పుడు ఆ వాసనొచ్చిందంటే సినిమా అయిపోయినట్టే. అమ్మ పోయిన ఏడు, కొబ్బరికాయలు వలిచే పని లేని రోజున నాన్న నన్ను రాజోలు హాలుకి తీసుకెళ్ళేవాడు. సగంలో తెరమీద తెల్లటి అక్షరాలు పడేవి. అక్కడ రాసుండేది 'విశ్రాంతి' అంట. నాకు చదువు రాదు కదండీ, నాన్న దాన్నే 'శుభం' అని చదివేవాడు. జనం కూడా బయటికే వచ్చేవారు, నాకు అనుమానమెలా వస్తుంది? పకోడీల పొట్లం చేతిలో పెట్టి ఇంటికి తెచ్చేసేవాడు. నేను చూసిన సినిమాలన్నీ ఎంతో బాగుండేవి. అందరూ నవ్వుతుండగానే అయిపోయేవి.

ఓరోజు చూసొచ్చిన సినిమా కథ చెబుతుంటే పక్కింటి సరోజిని, "ఆ సినిమాలో తల్లి చచ్చిపోద్ది కదే, ఎర్రిమొహమా!" అంది. దాని జుట్టు పట్టుకుని కొట్టి, ఏడుస్తా వెళ్ళి నాన్ననడిగేను.

"మనం చూసినంతసేపూ బతికే ఉంది కదా తల్లీ," అన్నాడు.

నేను ఏడుస్తానని తెచ్చేసేవాడనుకున్నాను ఇన్నాళ్ళూ.

మొన్న మనవరాలి మాట విని కూర్చున్నాను. రెండో సగంలో హీరోయిను మొగుడు పోయేడు. మా ఆయన పోయి ఏడాదైనా కాలేదు, చూడలేక కళ్ళు మూసేసుకున్నాను. రాజోలు హాల్లో చూడలేనిది నేను కాదు, నాన్నేనని అప్పుడు తెలిసింది.

"సినిమా ఎలా ఉంది అమ్మమ్మా?" అంది బయటికొచ్చేక.

"మొదటి సగం బాగుందమ్మా," అన్నాను.