సుంకులమ్మకు మొక్కని పుంజు

నా చిన్నప్పుడు మా అవ్వ ఒక పెట్టను పొదగేస్తే పదకొండు పిల్లలు లేచాయి. అందులో ఏడు పుంజులే అయ్యాయి. ఈ మాట ఇప్పటివాళ్లకు చెబితే ఏడు బిర్యానీలని నవ్వుతారు. నవ్వనీండి. కోడి అంటే అంగట్లో తోలు ఒలిచి వేలాడదీసిన మాంసమనుకునేవాళ్లకు, ఒక పెరట్లో ఏడు పుంజులు ఎదిగితే ఏమవుతుందో ఎట్లా తెలుస్తుంది? మిగిలిన నాలుగూ, తల్లీ కలిపి మాకున్నవి ఐదు పెట్టలు. వాటికి అప్పటికే ఒక ముసలి పుంజు ఉంది. ఈ ఏడూ గొంతు విచ్చుకున్న రోజు నుంచి ఒకదానిమీద ఒకటి ఎగబడడం, పెట్టల వీపుల మీద ఈకలు లేకుండా చెయ్యడం, ఇవి రెండే వాటి పనులు. పెట్టలు పాపం భయపడి మేత కూడా మానేసి దడి కింద నక్కేవి.

మాది ఎమ్మిగనూరు. నేతపని చేసుకునే వీధి. పొద్దున్నే ఎండ ముదరకముందు మగవాళ్లు వీధి పొడుగునా పడుగు చాపి, నూలుకు గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వేవాళ్లు. వందల పోగులు ఈ కొస నుంచి ఆ కొస దాకా బిగుతుగా నిలిచి ఉండేవి. ఆ గంజి మెతుకులకు ఆశపడి మా పుంజులు వచ్చేవి. వచ్చినవి మెతుకులు తిని పోతే బాగుండు. పడుగు మీదనే కొట్లాటకు దిగేవి. గోళ్లకు పోగులు తగులుకుని పటపటా తెగేవి. తెగిన ప్రతి పోగునూ వెతికి, వేలితో మెలిపెట్టి అతకాలి. ఒక పొద్దు ముప్పై పోగులు తెగేసరికి ఎదురింటి పెద్దాయన కుంచె కింద పెట్టి మా గడపలోకి వచ్చినాడు.

“అవ్వా, పుంజులను సాకుతాండావా, మా కడుపులు కొడ్తాండావా? వచ్చే సంత లోపల ఇవి వీధిలో కనపడితే నేనే కోసి నీ ఇంటికి కూర పంపిస్తా!”

“ఉప్పు సరిగ్గా ఏసి పంపప్పా,” అంది అవ్వ. కానీ ఆయన మాటలో న్యాయం ఉందని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం అందరం కూర్చున్నాం. అవ్వ ఒక్కొక్క పుంజుకు దారి చూపించింది. రెండు సంతకు. పక్కింటి సాయిబుల ఇంట్లో పుంజును కుక్క ఎత్తుకుపోయింది కాబట్టి ఒకటి వాళ్లకు. ఒకటి నాయన జబ్బుకు ఆకుపసరు ఇచ్చిన వైద్యుడికి. ఒకటి మా పెద్దక్క అత్తగారి ఊరికి. ఒకటి చేను దగ్గర కాపురముండే మా చిన్నాయనకు. ఆమె ఏ పుంజునూ “అక్కర్లేనిది” అనలేదు. “దీనికి ఇల్లు ఇది కాదు” అని మాత్రమే అంది. ఆరు అయిపోయాయి. ఏడోదాన్ని ఆదివారం మా మేనమామ వస్తే కోద్దామని అమ్మ అంది.

ఆ ఏడోది నాది. బూడిదరంగుది, ఒక కాలి వేలు వంకరది. పిల్లగా ఉన్నప్పుడు మగ్గం గుంతలో పడి, పొద్దంతా అరిచి అరిచి చల్లబడిపోతే నేనే తీసి అంగీలో పెట్టుకుని బతికించాను. ఎనిమిదేళ్ల వాడికి అంతకంటే ఆస్తి ఏముంటుంది? నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే నాయన కోప్పడతాడు. అప్పుడు నా నోటినుంచి ఒక మాట ఊడిపడింది.

“దాన్ని కొయ్యకూడదు. సుంకులమ్మకు మొక్కుకున్నా.”

సుంకులమ్మ మా వీధి అమ్మవారు. ఈ మొక్కు మాట నాకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. మా అమ్మ పుట్టిల్లు సి.బెళగల్ దగ్గర. సెలవులకు పోయినప్పుడల్లా అక్కడ దేవరపోతును చూసేవాణ్ణి. అది అమ్మవారికి వదిలిన దున్న. ఎవరి చేలో పడినా కొట్టేవాళ్లు లేరు. జొన్నచేను మేసినా రైతు చేతులు జోడించి నిలబడేవాడు. ఆడవాళ్లు ఇంటిముందుకు పిలిచి గిన్నెతో కుడితి పెట్టేవాళ్లు. మొక్కితే అట్లా రాజులాగా బతుకుతారని నేను అనుకున్నాను. ఆ ఊళ్లో దేవర, అంటే అమ్మవారి జాతర, ఎన్నో ఏళ్లకొకసారి వస్తుంది. నేను పుట్టాక రాలేదు. దున్న కథలో నడిమి భాగం చూశానే గానీ, చివర ఏమవుతుందో నేను చూడలేదు, ఎవరూ చెప్పలేదు.

 అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. “వాళ్ల నాయన కోసం మొక్కినాడు!” అంది. 

అంతకుముందు వానాకాలం మా నాయనకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆదోనికి తీసుకుపోయి చూపించాం, పసరు మందు పోయించాం. నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. కళ్లు, గోళ్లు పసుపు ముద్దలయ్యాయి. ఆ తర్వాత మెల్లగా లేచాడు. ఆయన లేవాలని నేను మొక్కి ఉంటానని మా అమ్మ తనకు తానే అనుకుంది. నేను ఔననలేదు. కాదనీ అనలేదు. నోరు మూసుకుని ఆడిన అబద్ధం అబద్ధం కాదని వాదించే పెద్దమనుషులను నా జీవితంలో చాలామందిని చూశాను. వాళ్లకు నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను, అయ్యా, నేను ఆ బడిలో ఎనిమిదో ఏటనే చదివినవాణ్ణి అని.

మరుసటి పొద్దు పుంజు కాలికి అమ్మ పసుపుదారం కట్టింది. కొళాయి దగ్గర నీళ్లకు నిలబడ్డ ఆడవాళ్లందరికీ చెప్పింది. ఇంత పిల్లవాడు తండ్రికోసం మొక్కుకున్నాడట అని వీధి వీధంతా నా తల నిమిరింది. బెల్లంముక్కలు పెట్టేవాళ్లు పెట్టారు. అల్లరి చేసే తమ పిల్లలకు నన్ను చూపించి తిట్టేవాళ్లు తిట్టారు. పుంజుకైతే పట్టపగ్గాలు లేవు. పడుగు మీద నడిచినా ఎవరూ రాయి విసరలేదు. ఎదురింటి పెద్దాయన కుంచె ఎత్తబోయి, కాలిదారం చూసి, “నీ దయ తల్లీ,” అని పళ్లు కొరుక్కుంటూ తెగిన పోగులు అతుక్కునేవాడు. రెండు నెలలు నేనూ నా పుంజూ ఎమ్మిగనూరును ఏలాం.

ఉగాది దాటింది. ఎన్నో ఏళ్ల తర్వాత మా వీధిలోనూ దేవర పెట్టుకుని, వీధి చివర సుంకులమ్మ గుడికి సున్నం వేశారు. ఒక పొద్దు అమ్మ నా తలకు నూనె రాస్తూ, “దేవర నాడు పుంజును నువ్వే పట్టుకోని నిలబడల్ల,” అంది.

“నిలబడితే ఏం సేస్తారు?” అని అడిగాను.

మా మేనమామ అక్కడే ఉన్నాడు. ఆదివారం కూర తప్పిపోయిన కోపం ఆయనకింకా తీరలేదు. “ఏం సేస్తారప్పా, కొత్త పంచె కట్టి పీట మీద కూసోబెడ్తారు. కత్తి సూసినావా? మీ పుంజు మెడ ఎంత లావైందో, ఒక్క ఏటుకు తెగుతాదో లేదో!”

“మరి మీ ఊర్లో దేవరపోతును?”

“దాన్నేమన్నా పెండ్లి సేసి పంపిస్తారనుకున్న్యావా?”

 కత్తి నుంచి కాపాడాలని చెప్పిన మాటే కత్తి కిందికి తోసింది. ఇప్పుడు కాదంటే అమ్మ ఏమవుతుంది? మొక్కు తీర్చకపోతే నాయనకు మళ్లీ జబ్బు తిరగబెడుతుందని ఆమె నిజంగా భయపడుతుంది. ఔనంటే నా పుంజును నేనే నా చేతులతో పట్టుకుని నిలబడాలి. రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడోరోజు మధ్యాహ్నం అవ్వ అరుగు మీద శనక్కాయలు ఒలుస్తూ ఒంటరిగా ఉంది. పోయి పక్కన కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే ఆమె అడిగింది. “ఏం కోరి మొక్కినావురా?”

ఆ ప్రశ్న రెండు నెలల్లో ఎవరూ అడగలేదు. నేను భోరుమన్నాను. అంతా చెప్పేశాను.

“నాకు ఆ పొద్దే తెలుసు,” అంది అవ్వ.

“మరి సెప్పలేదేం?”

“నోరు నీది గదా. కోరిక లేని మొక్కు పేక లేని పడుగు రా. గుడ్డ కాదు. మీయమ్మకు సెప్పు. మీ నాయనకూ సెప్పు. సెప్పినాక నా దగ్గరికి రా, పుంజు సంగతి నేను సూస్తా. సెప్పకపోతే మాత్రం నన్నడగాకు.”

ఆ సాయంత్రం అన్నాల దగ్గర చెప్పాను. ఇప్పటికీ ఒక్కొక్క అక్షరం గుర్తుంది. “అమ్మా, నేను నాయన కోసం మొక్కలేదు. పుంజును కోస్తారని అట్ల సెప్పినా. నాయన సంగతి నాకు గుర్తే రాలేదు.”

దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. నన్ను కాదు, ఎవరినో అడిగినట్టు అంది. “అయితే ఈయనను ఎవురు లేపినట్టు?”

నాయన తల ఎత్తలేదు. కంచంలో చెయ్యి పెట్టి మాట్లాడాడు. “ఎవురేందమ్మే, నువ్వే. నాలుగు నెల్లు మజ్జిగన్నం కలిపి పెట్టింది నువ్వు. పగలంతా మగ్గం గుంతలో కూసోని నేసింది నువ్వు. ఊరంతా వీని తల నిమురుతాంటే నాకు నోటిదాకా వచ్చింది. ఊరుకున్న్యా. తప్పే.”

మా నాయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు.  అమ్మ వడ్డించడానికి వంగి, ఆయన మజ్జిగన్నంలో గరిటెడు పప్పు పోసింది. ఆయన చూశాడు. కిక్కురుమనకుండా కలుపుకుని తిన్నాడు.

నేను చేసిన తప్పేమిటో నాకు అప్పుడు అర్థమయింది. పుంజు కోసం అబద్ధమాడడం చిన్న సంగతి. రెండు నెలలు వీధిలో నేను తిన్న బెల్లం మా అమ్మది. నా తల మీద పడిన చేతులన్నీ ఆమె తల మీద పడవలసినవి.

నిజం తెలిసినా అమ్మ భయం మాత్రం పోలేదు. అమ్మవారి పేరు చెప్పి దారం కట్టాం కదా అంటుంది. మంగళవారం పొద్దున అవ్వ మమ్మల్నందరినీ గుడికి తీసుకుపోయింది. పూజారి ఒప్పుకోలేదు. “మొక్కింది ఎనక్కి అడిగేది యాడన్నా ఉందా అవ్వా?”

“అడక్కుండా ఆయమ్మ మనసు నీకెట్ల తెలిసిందప్పా?” అంది అవ్వ. నన్ను ముందుకు తోసి, నిజం ఆయమ్మకు కూడా చెప్పమంది. పదిమంది వింటుండగా చెప్పాను. అప్పుడు అవ్వ చెంబులో పసుపునీళ్లు కలిపింది. బలిజంతువు మీద నీళ్లు చల్లితే అది ఒళ్లు విదిలించాలి, అప్పుడే అమ్మవారు సరేనన్నట్టు. మా వైపు అందరికీ తెలిసిన ఆచారమే. అవ్వ ప్రశ్నను మాత్రం తిరగేసి అడిగింది. “తల్లీ, పిల్లోడు తెలీక అన్న్యాడు. పుంజును వానికే వదిలేస్తానంటే ఒళ్లు ఇదిలించు.” అని చెంబెడు నీళ్లు దాని నెత్తిన గుమ్మరించింది. పుంజు మెడ ఈకలు నిక్కించి, రెక్కలు దులిపి, పూజారి పంచె మీదికంతా చిమ్మింది. అందరూ చేతులెత్తి మొక్కారు. అమ్మ వంగి పసుపుదారం విప్పింది. ఆమె మొహం తేటపడింది.

తిరిగి వస్తూ అవ్వను గుట్టుగా అడిగాను. “నీళ్లు పోస్తే ఏ కోడైనా ఇదిలించుకుంటాది కదవ్వా?”

“ఇదిలించుకోక?” అంది ఆమె. “నువ్వు నిజం సెప్పకుండానే నీళ్లు పోసింటే, అది ఇదిలించుకున్న్యా నీకు తేటగా ఉండునా?”

ఈ సంగతి ఒకసారి పెద్ద చదువులాయనకు చెబితే ఇదంతా మూఢనమ్మకం అన్నాడు. నేను బడిలో చదివింది ఐదో తరగతే, మిగతాదంతా గ్రంథాలయం బెంచీ మీదా, పొట్లాలు కట్టిన కాగితాల మీదా నేర్చుకున్నదే. అయినా నాకు కోపం ఆగలేదు. మా అవ్వ చెంబెడు నీళ్లతో ఒక ప్రాణం నిలబెట్టింది, ఒక ఇల్లాలి భయం తీర్చింది, ఒక అబద్ధీకుడిచేత పదిమందిలో నిజం చెప్పించింది. అయ్యా, మీ పుస్తకాలు ఒక్క పొద్దులో ఇన్ని పనులు చేశాయా అని అడిగాను. 

అమ్మవారి కాపలా పోయింది కాబట్టి పుంజుకు ఇక నేనే కాపలా. పడుగు చాపిన ప్రతి పొద్దూ దాన్ని గంప కింద మూసి పక్కన కూర్చునేవాణ్ణి. ఎదురింటి పెద్దాయన నాచేత పోగులు అతికించి పాతబాకీ తీర్చుకున్నాడు. ఆయన దగ్గరే నాకు పని చేతికొచ్చింది. ఎండాకాలం సెలవుల్లో బెళగల్ దగ్గర మా చిన్నమ్మ పెట్టలకు పుంజు లేదంటే, బస్సులో ఒళ్లో పెట్టుకుని నేనే ఇచ్చి వచ్చాను. అక్కడ అది చాలా ఏళ్లు బతికింది.

నాకు ఆ రోజునుంచి ఒక జబ్బు పట్టుకుంది. పని ఒకరిది, పేరు ఒకరిది అయితే నేను కూర్చోలేను. సభల్లో దండలు తప్పు మెడలో పడుతుంటే లేచి నిలబడతాను. ఈ ముసలాయన్ని పిలవకండ్రా అని చాలామంది అనుకుంటారు, పిలవరు కూడా. పోనీండి. మా ఇంటికి వచ్చినవాళ్లు భోంచేసి, “వంట బాగుందన్నా,” అని నాతో అంటారు. ఆ మాట నేను తీసుకోను. లోపలికి కేకేసి మా ఆమెను పిలిచి, ఆమెతో చెప్పమంటాను. “ఈయన సాదస్తం,” అని విసుక్కుంటూనే వస్తుంది. వచ్చి తలుపు దగ్గర నిలబడి, వాళ్లు ఆ మాట పూర్తిగా చెప్పేదాకా కదలదు.