తమ్ముడి బదులు నేనిచ్చిన జవాబు

ఎన్నో ఏళ్లుగా ఒక్క మాట నా గుండెల మీద బండలా ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా తమ్ముడికి హెచ్ఐవి. ఆ సంగతి వాడికీ, మా మరదలికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. రోజూ మాత్రలు వేసుకుంటూ, మేం వలసొచ్చిన ఈ హిందీ ప్రాంతంలోనే, ఆదిత్యపూర్‌లో ఫ్యాక్టరీ షెడ్డు పనికి వెళ్లేవాడు, బాగానే ఉండేవాడు. ఒకసారి పనిలో నిచ్చెన మీంచి పడ్డాడు. పక్కటెముకలు విరిగాయేమోనని ఛాతీకి సీటీ స్కాన్ తీశారు. ఎముకలకేమీ కాలేదు. ఊపిరితిత్తిలో మాత్రం, ఎవరూ వెతకని చిన్న గడ్డ కనిపించింది.

డాక్టరు హిందీలో అడిగాడు, ఇంకేమైనా జబ్బుందా, మందులేమైనా వాడుతున్నాడా అని. ఆస్పత్రికి వెళితే మా ఇంట్లో పెద్దవాళ్లే మాట్లాడాలి. అమ్మ పోయాక ఆ పెద్దరికం నాది. వాడు నా వైపు చూశాడు.

"చెప్పీమంటావేటక్కా?" అన్నాడు తెలుగులో, మెల్లగా.

"ఏటి చెప్తావు? ఆ స్కానింగు మనిషి మన పేటోడే, బిర్సానగరోడే. ఊరుకో," అని, డాక్టరు వైపు తిరిగి, "కుఛ్ నహీ సాబ్" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. నాకు ఎదురు చెప్పడం వాడికి రాదు. సిగరెట్టు అలవాటు లేదు, వేరే జబ్బు లేదు, గడ్డ చిన్నదే, ఏడాదికి మళ్లీ చూద్దామన్నాడు డాక్టరు. అప్పుడు నేనెంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఏడాది తిరక్కుండానే వాడు దగ్గుతో చిక్కి సగమయ్యాడు. క్యాన్సర్ అన్నారు. మాత్రలిచ్చే కేంద్రంలోని డాక్టరమ్మ పాత స్కాన్ చూసి, హెచ్ఐవి ఉన్నవాళ్లకు ఇలాంటి గడ్డ కనిపిస్తే అంతకాలం ఆగకూడదమ్మా, టీబీయో క్యాన్సరో త్వరగా తేల్చుకోవాలి, అప్పుడు ఆ ఆస్పత్రివాళ్లకు చెప్పలేదా అంది. నేను ఆ స్కాన్ తీసుకుని కవర్లో పెట్టేశాను. ముందే తేలితే బతికేవాడా? ఏమో. ఆ అవకాశం వాడికి దక్కకుండా చేసింది మాత్రం నేనే. దేనికి? వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు ఏమనుకుంటారోనని.

పోయేదాకా వాడు నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మా మరదలు ఇప్పటికీ కలిసినప్పుడల్లా ఏడుస్తుంది. స్కాన్ తీసిన రోజు ఆమె మాతో లేదు, ఆ డాక్టరుకు జబ్బు సంగతి చెప్పామనే అనుకుంటోంది. "ఆ డాక్టరుకి అన్నీ తెలిసీ వొగ్గీసినాడు ఒదినా, ఆడు నాశనమైపోను," అంటుంది. నేను ఆమె వీపు నిమురుతూ ఊఁ కొడతాను. ఆయనకేమీ తెలియదు. ఆయన అడిగాడు, నేను లేదన్నాను. ఈ మాట ఆమెతో ఎప్పటికైనా అనగలనా? తెలియదు. ఇక్కడ రాసేశాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది. ఆ శాపనార్థాలన్నీ నాకు తగలవలసినవి.