రోము రామలింగప్ప

రామలింగప్ప ఏ పనీ తనంతట తాను చేసేవాడు కాదు. రోము చక్రవర్తిని అడిగి చేసేవాడు.

ఆ చక్రవర్తి ఆత్మకూరులో, మా ఎదురింట్లో, రామలింగప్ప మెడలో నల్లదారానికి వేలాడుతూ ఉండేవాడు. బొటనవేలి గోరంత బంగారు నాణెం. ఎప్పుడో వాళ్ల ముత్తాత మగ్గం గుంత తవ్వుతుంటే దొరికిందట. దానిమీద పెద్ద ముక్కు, లావు మెడ, తలచుట్టూ ఆకుల దండ ఉన్న మనిషి బొమ్మ. ఎవరో తెలియని దేవుడనుకుని ఇంటిల్లిపాదీ మొక్కుకునేవారు. ఒక ఏడాది శ్రీశైలం పోతూ మా వీధిలో ఆగిన కర్నూలు చరిత్ర పంతులొకాయన దాన్ని చూసి అదిరిపడ్డాడు. ఇతను తిబేరియస్ అనే రోము చక్రవర్తి అనీ, పందొమ్మిది వందల ఏళ్ల కిందటివాడనీ, ఆ కాలంలో మన గుడ్డలు ఓడలెక్కి అక్కడికి పోతే ఇలాంటి బంగారం ఇక్కడికి వచ్చేదనీ చెప్పి, తన దారిన తాను పోయాడు.

పంతులు పోయాడుగానీ, మా వీధిని మాత్రం చక్రవర్తికి అప్పగించి పోయాడు. రామలింగప్పకు అర్థమైంది ఒకటే. ఈ దొర తమ గిరాకీ. గుడ్డ కోసం వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. ఇంటికొచ్చిన గిరాకీని మర్యాదగా చూసుకోకపోతే నేసేవాడి పరువేం కావాలి?

అప్పటినుంచి ఏం అడిగినా సరే, నాణేన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, తలాడించి, దొర ఏమన్నాడో చెప్పేవాడు. మంగలి మారెన్న గుండు చేస్తానంటే, దొర జుట్టు పెంచుకున్నాడు, ఆయన ముందు తను బోడిగా తిరిగితే బాగుండదనేవాడు. ఎండాకాలంలో నాణేన్ని తాగే నీళ్లకుండలో ముంచి ఉంచేవాడు. చలిదేశం మనిషి ఆత్మకూరు ఎండకు తట్టుకోలేడని ఆయన దిగులు. ఆ నీళ్లను భార్య గంగాదేవి ముట్టుకునేది కాదు.

“పరాయి మగోడు మునిగిన నీళ్లు నేను తాగను” అనేది.

కూరలో ఉప్పు తక్కువైతే రామలింగప్ప నోరెత్తడు. దొరకు చప్పగా ఉందట అంటాడు. అయితే దొరను రోముకే పోయి తినమనేది ఆమె. ఆ ఇంట్లో ఆలుమగలు నేరుగా పోట్లాడుకోవడం మేము చూడలేదు. తిట్లన్నీ చక్రవర్తికే పోయేవి.

మా పక్కిల్లు సోమన్నది. మనసు వెన్న, నోరు నిప్పు. ఆయన కోడలు భీమమ్మ బద్వేలు పిల్ల. ఒకరోజు ఇంటిల్లిపాదీ వీధిలో పడుగు దారాలు బారుగా చాచి గంజి పెడుతుంటే, మామ సరిచూసి బాగుందన్న చోటే పోగులు తెగి ఉన్నాయని ఆ పిల్ల చెప్పింది. నిజంగానే తెగాయి. కానీ వీధివాళ్లంతా విన్నారు. సోమన్నకు తల తీసేసినట్టయింది. ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టి, తెల్లారేసరికి పుట్టింటికి పంపకపోతే తను మగ్గం ఎక్కనని అందరి ముందూ ఒట్టేశాడు. కొడుకు ఆంజనేయ తల వంచుకుని తెగిన పోగులు ముడేస్తూ ఉండిపోయాడు. సోమన్న భార్య హంపమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది.

తెల్లారింది. సోమన్న బండి కట్టాడు. కట్టిన తాళ్లే మళ్లీ కట్టాడు. ఎవరైనా ఆపుతారేమోనని వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. ఆపాలని మాకూ ఉంది. కానీ ఆ నోటికి ఎదురుపోయేదెవరు? ఎవరైనా పోయినా, ఫలానావాడి మాటకు సోమన్న తగ్గాడని రేపు పేరొస్తుంది. అందుకని ఆయన తగ్గడు. భీమమ్మ మూట ఒళ్లో పెట్టుకుని బండిలో కూర్చుంది. ఏడిస్తే బాగుండేది, ఏడవలేదు.

అప్పుడు రామలింగప్ప నాణెం చెవికి ఆనించుకుని వచ్చి ఎద్దుల ముందు నిలబడ్డాడు. బండి ఆపమని దొర చెప్పాడన్నాడు.

“మా ఇంటి సంగతి మీ దొరకేంటికప్పా?” అన్నాడు సోమన్న. అంటూనే పగ్గం లాగి పట్టుకున్నాడు.

రామలింగప్ప నాణేన్ని తిప్పి చూపించాడు. వెనకవైపు కుర్చీలో కూర్చున్న ఆడమనిషి ఉంది.

“ఈయమ్మ దొర తల్లి అంట, పంతులు చెప్పినాడు. తల్లీకొడుకులు ఒకే ఇంట్లో ఉండారు, ఒకరి మొగం ఒకరు చూసింది లేదు. వీళ్లిద్దరూ ఎదురెదురుగా చూసుకున్న దినం ఆ పిల్లను పంపు. అంతవరకూ బండి కదలగూడదు. ఇది రోము చక్రవర్తి ఆజ్ఞ.”

సోమన్న నాణేన్ని అందుకుని ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. మీసం కొస అదిరింది. నవ్వు రాకుండా గట్టిగా దగ్గి, వీధివైపు తిరిగాడు.

“అందరూ చూసినారు గదా. నేను పంపాలనే ఉండా. రాజాజ్ఞ అడ్డమొచ్చె. ఏం చేస్తాం?”

కట్టేటప్పుడు పొద్దెక్కేదాకా కట్టిన బండిని, విప్పేటప్పుడు రెప్పపాటులో విప్పేశాడు. భీమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ దిగింది.

ఆ సాయంత్రం అరుగుమీద కూర్చున్నప్పుడు, దొర నిజంగా మాట్లాడతాడా అని రామలింగప్పను అడిగాను.

“బంగారం మాట్లాడతాదా అప్పా?” అన్నాడు నెమ్మదిగా. “నా మాటకు తగ్గితే సోమన్నకు నామోషీ. సముద్రాల అవతల రాజుకు తగ్గితే ఎవురికి నామోషీ? నన్ను పిచ్చోడంటారు, అననీ. ఆ పిల్ల ఇంట్లో ఉండాది గదా.”

అంతలో సోమన్నే వచ్చాడు. కాసేపు వాన గురించి మాట్లాడాడు. తర్వాత గొంతు తగ్గించి, కోడల్ని అనరాని మాటలన్నాననీ, మామగా తను పోయి ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదనీ, దొర చేత ఒక మాట చెప్పించమనీ బతిమాలాడు.

రామలింగప్ప నాణెం చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

“ఏమంటాండాడు?” అన్నాడు సోమన్న.

“నిద్రపోతాండాడు. ఈ మాట నువ్వే చెప్పుకో.”

సోమన్న లేచి, కండువా సర్దుకుని, బరువుగా నడిచిపోయాడు. భీమమ్మ గడపలో చేటతో జొన్నలు చెరుగుతోంది. ఆయన ఆమె ముందు నిలబడి, చూరువైపు చూస్తూ ఏదో అన్నాడు. మాకు వినపడలేదు. ఆ పిల్ల మాత్రం చేట పక్కన పెట్టి లేచింది.

“పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, లోపలికి రా మామా” అంది.

కాసేపటికి ఆ ఇంట్లోంచి రొట్టె తట్టే చప్పుడు మొదలైంది. హంపమ్మ ఏదో అంది, అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా సోమన్న నవ్వాడు.