తెల్లరంగు కింద చేయి

ఆయన పేరు తెలియక ముందే ఆయన గీసిన చేతులు నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఇంటికొచ్చే పిల్లల పత్రికలో ప్రతి సంచికకూ రెండు పేజీల బొమ్మల కథ ఉండేది. అందులో ముఖాలు బాగానే ఉండేవి కానీ, నా కళ్లు ముందు చేతుల మీదికే పోయేవి. తాళం తీసే చేతిలో తొందర కనిపించేది. అబద్ధం చెప్పే మంత్రి బొటనవేలు పిడికిలి లోపలికి ముడుచుకునేది. వాటి మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు.

ఉద్యోగానికి బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో స్థిరపడ్డాక, నాలాంటి బొమ్మల పిచ్చివాళ్లు కొందరు పరిచయమయ్యారు. ఇంటర్నెట్లో ఆయన చేతుల గురించి మూడు వ్యాసాలు రాశాను. అవి చదివిన ఒకాయన, ఆ చిత్రకారుడు ఊరి చివర అత్తిబెలెలో కూతురి దగ్గర ఉన్నారని చెప్పి చిరునామా పంపాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు నా వ్యాసాలు ఆయనకు చదివి వినిపించాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుని విన్నారు. ఆయన భార్య గుమ్మం దగ్గర కొంతసేపు నిలబడి, చేతుల గురించి నేను చదువుతుండగానే కాఫీ తెస్తానని లోపలికి వెళ్లిపోయింది. పెద్దవాళ్లకు పొగడ్తలంటే మొహమాటం అనుకున్నాను.

నాలుగైదు సార్లు వెళ్లాక ఆయన నన్ను నమ్మారు. అచ్చుకాని ఒక పడవ కథ తాలూకు అసలు పేజీలు ఇరవై నాలుగు బీరువాలోంచి తీసి ఇచ్చారు. మా గుంపు ఒక చిన్న హాల్లో బొమ్మల ప్రదర్శన పెట్టాలనుకుంటోంది. దానికోసం ఆ పేజీలు స్కాన్ చేయించి వారంలో తెచ్చిస్తానన్నాను.

"జోపానమప్పా. ఇంకో కాపీ యాడా లేదు," అన్నారాయన.

శనివారం మధ్యాహ్నం పెద్ద డ్రాయింగ్ ఫోల్డరు గుండెకు ఆనించుకుని బస్సెక్కాను. మడివాళలో దిగి ఇంకో బస్సు మారాలి. దిగేసరికి వాన దంచికొడుతోంది. ఒక దుకాణం రేకుల కింద ఫోల్డరు మీద నా చొక్కా కప్పి, బనీనుతో నిలబడ్డాను. ఆటోలు ఆగలేదు, క్యాబ్ దొరకలేదు. గంట తర్వాత ఇల్లు చేరి ఫోల్డరు తెరిస్తే, మూల కుట్టు దగ్గర తడి కనిపించింది.

పేజీలు ఒక్కొక్కటే తీసి పరుపు మీద పరిచాను. ఇరవై మూడు పొడిగా ఉన్నాయి. చివరి పేజీ కింది గడిలోకి నీరు పోయింది. నల్ల ఇంకు నీటికి చెదరదని తెలుసు. కానీ తప్పులు దిద్దడానికి వేసే తెల్ల పోస్టర్ రంగు మాత్రం తడిస్తే పాలలా కారిపోతుంది. దాని మీద గీసిన గీతా దానితోపాటే పోతుంది. పడవవాడు తాడు అందుకోబోతున్న గడి అది. వాడి చేయి కరిగి కాగితం అంచుకు జారింది. అది పోయిన చోట, అడుగునుంచి ఇంకో చేయి బయటపడింది. దువ్వెన పళ్లలా అయిదు వేళ్లూ ఒకే తీరుగా ఉన్నాయి. బిగుసుకుపోయిన చేయి. ఆయన గీసిందంటే ఎవరూ నమ్మరు.

మిగతా పేజీలు వెలుతురుకు పెట్టి చూశాను. ఎక్కడ చేయి ఉంటే అక్కడ తెల్లరంగు మందంగా ఉంది. ప్రతి చేతి కిందా ఇంకో చేయి ఉంది.

సాయంత్రం ఆయన ఫోను చేశారు. క్షేమంగా చేరానా అని అడగడానికే అయ్యుంటుంది. ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను, ఎత్తలేదు. ఎత్తితే అబద్ధం చెప్పాలి, లేకపోతే ఆ ముసలాయన గుండె ఆగేలా నిజం చెప్పాలి. మళ్లీ మోగింది. మళ్లీ ఎత్తలేదు.

ఆదివారం పొద్దున్నే అత్తిబెలె బస్సెక్కాను. ఏం చెప్పాలో దారి పొడవునా లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. తీరా వెళ్లాక ముందుగా పేజీ తీసి బల్ల మీద పెట్టాను.

"తడిసిపోయింది సార్. తప్పు నాదే."

ఆయన పేజీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. అది పేజీ పాడైనందుకు కాదని నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. ఆయన వేలు ఆ దువ్వెన చేతి మీదే ఆగిపోయింది.

లోపల్నుంచి ఆవిడ వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది.

"అయ్యో, నాది పోయి నీది బయటికొచ్చినాదే!" అంది భర్తతో. తర్వాత నన్ను చూసి నాలుక కరుచుకుంది.

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. ఆవిడ ఆపడానికి వెళ్లలేదు.

"చేతులన్నీ ఆయమ్మవే," అన్నారాయన చివరికి. "నాకు చేతులు ఎప్పుడూ రాలేదప్పా. నేను వేసేది, రాత్రి ఆయమ్మ తెల్లరంగు పూసి మళ్లా వేసేది. పత్రికోళ్లు ఒక్క పేరే వేస్తామన్నారు. మొదట్లో చెప్పాల్సింది, చెప్పలేదు. ఆమేన, అన్నేండ్లు పోయినాక, చెప్పేకి భయమైంది. నువ్వు ఆ వ్యాసాలు చదువుతాంటే ఈడనే కుర్చీలో చచ్చిపోదామా అనిపించినాది."

ఆయన్ను పొగుడుతున్నాననుకుని, ఇద్దరి ముందూ అవి చదివి ఎంత బాధపెట్టానో అప్పటికి తెలిసింది. క్షమించమని ఆవిడను అడిగాను.

"సుమ్నే ఉండప్పా, క్షమించేకి ఏముంది," అందావిడ. "నాకు బాగనే ఉండె వినేకి. వంటింట్లోంచి అంతా విన్న్యా."

చిన్న కాగితం ముక్క మీద ఆ చేయి మళ్లీ గీసి అంటిస్తానంది. సన్న కుంచె వెతికి తెచ్చింది. ఆ చిన్న ముక్క కుంచె కింద కుదురుగా నిలవడం లేదు. మొదటి చేయి మణికట్టు దగ్గరే చెడింది. రెండోది బొటనవేలి దగ్గర ఇంకు ముద్దయింది. మూడోసారి ఆయన వచ్చి కాగితం అంచులు రెండు చేతులతో అదిమి పట్టారు. గీత నిలిచింది. అది పాత చేయి కాదు, కణుపులు ఉబ్బిన ముసలి చేయి. అయినా తాడు కోసం ఆరాటపడుతోంది.

"ప్రదర్శనలో ఇద్దరి పేర్లూ రాస్తాను సార్," అన్నాను.

ఆయన కాగితం అంచులు వదిలి నన్ను చూశారు. "రాయి. కానీ జనం నన్ను దొంగ అనుకుంటారేమో."

"ఎవురూ అనుకోరు. మొగాలన్నీ నీవే కదా," అందావిడ.

నేను నా వ్యాసాలు మూడూ దిద్ది మళ్లీ పెట్టాను. ప్రదర్శన రోజు ఆయన హాల్లో తలుపు పక్క కుర్చీలో, ఏ క్షణమైనా లేచి వెళ్లిపోయేవారిలా కూర్చున్నారు. ఎవరైనా గట్టిగా నవ్వితే చాలు, ఆయన వైపు చూసేవాణ్ణి. మా గుంపులోని ఒకాయన ఒక పేజీ అచ్చుప్రతి తెచ్చి, దాని మీద సంతకం చేయమని ఆవిడను అడిగాడు. బొమ్మ మీద సంతకం ఎప్పుడూ పెట్టలేదంటూ ఆవిడ కంగారుపడింది. కన్నడ బడిలో చదువుకున్న మనిషి. మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కన్నడంలో రాసింది. ఆయన దూరం నుంచి చూస్తున్నారు, దగ్గరికి రాలేదు.

సాయంత్రం వాళ్లను క్యాబ్‌లో అత్తిబెలెకు దింపడానికి వెళ్లాను. ఆవిడ సీటుకు తల ఆనించి నిద్రపోయింది. ఆయన నావైపు వంగి, ఆవిడకు వినపడకుండా అడిగారు.

"ఎవురన్నా ఏమన్నా అన్న్యారా?"

"ఎవరూ ఏమీ అనలేదు సార్. అందరూ చాలాసేపు చూశారు."

ఆయన తలూపారు. టోలుగేటు దాటాక మళ్లీ అదే అడిగారు. నేను మళ్లీ అదే చెప్పాను. ఇల్లు చేరేదాకా నా ముఖంలోకి చూస్తూనే ఉన్నారు. నమ్మారో లేదో నాకిప్పటికీ తెలియదు.