పేరు లేని కుండీ

మా నోయిడా సొసైటీ కమిటీవారికి ఈ మధ్య జ్ఞానతృష్ణ పెరిగింది. పిల్లలకి చెట్ల పేర్లు తెలియాలని ప్రతి మొక్కకీ ఓ చీటీ కట్టిస్తున్నారు. మాది కింది వాటా కావడంతో నిన్న ఉదయం మాలీ మా బాల్కనీ దాకా వచ్చాడు. చంద్రకాంతకి గుల్ అబ్బాస్ అనీ, బిళ్ళగన్నేరుకి సదాబహార్ అనీ చీటీలు కట్టి, మూలనున్న కుండీ దగ్గర ఆగిపోయాడు. అందులో తడి మట్టి తప్ప ఏమీ లేదు. దీనికేం రాయమంటారు దీదీ అని హిందీలో అడిగాడు. నాకు జవాబు తెలుసు గాని, అది చీటీ మీద రాసేది కాదు. మా అత్తగారు గుర్తొచ్చారు.

అత్తగారు కథలు రాసేవారు. మామగారు సైన్యంలో ఆఫీసరు. ఆయన సరిహద్దుల్లో ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఢిల్లీ కంటోన్మెంటులో, అలాంటి కుటుంబాలకిచ్చే క్వార్టర్లో ఉంటూ, మధ్యాహ్నాలు వంటింటి గుమ్మం దగ్గర చాప వేసుకుని రాసేవారు. అయితే మామగారు చూడకుండా ఏ కథా పత్రికకి వెళ్ళడానికి వీల్లేదు. సెలవుకి వచ్చినప్పుడు ఆయన ఎర్ర పెన్సిలు పుచ్చుకుని కూర్చునేవారు. ఊరి పేరు కనబడితే కొట్టివేత, రెజిమెంటు మాట కనబడితే కొట్టివేత, తోటి ఆఫీసరు భార్యని పోలిన మనిషి కనబడినా కొట్టివేతే. ఇక కథలో మిగిలేవి కాఫీ గ్లాసులు. అత్తగారు మాత్రం తక్కువ తిన్నారా? మనుషులందరినీ పెరట్లోకి తోలేశారు. పలకరిస్తే చాలు ముడుచుకుపోయే పక్క క్వార్టరావిడ అత్తిపత్తి అయింది. రోజంతా మూతి ముడుచుకుని, ఢిల్లీలోనే పనిచేసే భర్త సాయంత్రం ఇంటికొచ్చే వేళకి మొహం విప్పారే ఆవిడ చంద్రకాంత. పైఅధికారి భార్య గురించి చెప్పక్కర్లేదు, దూలగొండి. పెరటి వర్ణన కన్నుల పండువగా ఉందని పాఠకులు మురిసిపోయేవారు. మామగారికి అసలు సంగతి తెలుసు. కాని మొక్కల్ని కొట్టెయ్యమని ఏ రూలూ లేదు గనక పెన్సిలు పక్కన పెట్టేసేవారు.

అత్తగారు పోయి రెండేళ్ళు కావస్తోంది. మామగారికి చూపు బాగా మందగించింది. పోయిన చలికాలంలో, ఎండ బాల్కనీలోకి వచ్చే వేళకి ఆ కథలన్నీ చదివి వినిపించమన్నారు. నేను చదువుతుంటే ఏ మొక్క ఎవరో ఆయన చెప్పేవారు. దూలగొండి వచ్చినప్పుడల్లా పొట్ట పట్టుకుని నవ్వేవారు. కథలు అయిపోవస్తున్నకొద్దీ ఆ నవ్వు తగ్గుతూ వచ్చింది. ఒకరోజు నన్ను ఆపి, "అందరినీ రాసింది కదమ్మా. నేనెక్కడా లేను" అన్నారు. బిళ్ళగన్నేరు మీరే అయ్యుంటారని సముదాయించబోయాను. కాదమ్మా, అది మాకు పాలు పోసే ఆవిడ అన్నారు. ఏనాడూ ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యని మనిషి. ఆ వేళ నాకు అత్తగారి మీద నిజంగా కోపమొచ్చింది.

మర్నాడు చదువుతున్న కథలో ఇల్లాలు మొక్కలన్నిటికీ నీళ్ళు పోసి, చివర్న మూలనున్న ఖాళీ కుండీకి కూడా పోస్తుంది. ఇలాంటి వాక్యం అంతకు ముందూ చదివాను. ఆవిడ చేతి అలవాటనుకుని దాటేశాను. మామగారు చెయ్యెత్తి ఆపారు.

"ఇక్కడ నేను ప్రశ్న గుర్తు పెట్టాను. మొక్క లేని కుండీకి నీళ్ళెందుకోయ్, దండగ అన్నాను."

"అత్తయ్యగారేమన్నారు?"

"ఉండనివ్వండి, అంది. అంతే."

కిందటి కథలో కూడా ఆ కుండీ ఉందేమో చూడమన్నారు. ఉంది. దాని ముందు కథలోనూ ఉంది. తను రిటైరై ఇంటికొచ్చేశాక ఆవిడ రాసినవాటిలో చూడమన్నారు. ఆ కథలన్నీ తిరగేశాను. పెరళ్ళున్నాయి, అత్తిపత్తులున్నాయి, ఖాళీ కుండీ మాత్రం ఒక్కదాన్లోనూ లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఠీక్ హై" అన్నారు చివరికి. "ఇన్నేళ్ళూ దిద్దాను గాని, చదవలేదమ్మా."

ఆ వారంలోనే ఈ కుండీ వచ్చింది. మట్టి ఆయనే నింపారు, నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. పొద్దున్నే గోడ పట్టుకుని తడుముకుంటూ వెళ్ళి చెంబుతో నీళ్ళు పోసి వస్తారు. పనమ్మాయి మొదట్లో ఏదైనా మొక్క నాటనా అంకుల్ అని అడిగేది, ఇప్పుడు అడగడం మానేసింది. నిన్న మాలీకి ఆ చీటీ అక్కర్లేదని చెప్పి పంపేశాను. అత్తగారు నీళ్ళు పోసిన రోజులకి ఓ చివర ఉండేది, ఎప్పుడో ఒకప్పుడు సెలవు మంజూరై ఆయన రైలు దిగేవారు. మామగారి రోజులకి అలాంటి సెలవు రాదు, అయినా ఆయన ఒక్క ఉదయం కూడా మానలేదు.