మచ్చల ఆవు వట్టిపోలేదు

కెన్యాలోని నంది కొండల్లో ఎవరింటికైనా వెళ్తే టీ తాగుతారా అని అడగరు. అడగడమంటే అవమానించినట్టే. వచ్చిన మనిషి గుమ్మం దాటి పీట మీద సర్దుకునేలోపు కెటిల్ పొయ్యెక్కుతుంది. అందులో ముందు పాలు పడతాయి, ఆ తర్వాతే నీళ్ళు. ఆ నీళ్ళయినా ఏదో మొహమాటానికి పోసినన్ని. పాలు లేని టీ చేతికిచ్చారంటే దానికి రెండే అర్థాలు. ఆ ఇంటి ఆవన్నా వట్టిపోయి ఉండాలి, లేదా వచ్చినవాళ్ళు ఎంత త్వరగా లేచి వెళ్తే అంత మంచిదని ఆ ఇంటివాళ్ళన్నా అనుకుంటూ ఉండాలి.

ఇదంతా జెరూబెత్‌కి తెలియక కాదు. తెలిసి తెలిసి, ఒక శనివారం మధ్యాహ్నం తన గుట్ట మీది ఆడవాళ్ళందరినీ పిలిచి మరీ పాలు లేని టీ పోసింది.

ఆమె పుట్టింది ఎస్టేట్ కూలీల లైను ఇళ్ళలో. నడక రాకముందు తల్లి వీపున, నడక వచ్చాక తల్లి కొంగు పట్టుకుని, ఆ తర్వాత తన వీపునే బుట్ట కట్టుకుని టీ తోటల్లో తిరిగింది. రెండాకులు ఒక మొగ్గ, మళ్ళీ రెండాకులు ఒక మొగ్గ. నిద్రలో కూడా వేళ్ళు దుప్పటిని గిల్లేవి. ఆ ఆకంతా ఫ్యాక్టరీకి పోయి, ఫ్యాక్టరీ నుంచి ఓడెక్కి, ఆమె ఎన్నడూ చూడని మనుషుల కప్పుల్లోకి చేరేది. ఆమె ఇంటికి మాత్రం దుకాణంలో రంగు పొట్లం వచ్చేది. పొట్లం విప్పితే పొడి. మంచి ఆకు జల్లించి పంపగా అడుగున మిగిలింది. ఆకు తెంపినవాళ్ళకి ఊడ్చిన పొడి దక్కడం ఎవరో పొరపాటున చేసింది కాదు, పద్ధతి ప్రకారం జరిగేదే.

తర్వాత ఆకు కోసే మిషన్లు వచ్చాయి. ఒక మిషన్ వస్తే పాతికమంది ఆడవాళ్ళు ఇంటికి. జెరూబెత్ వాళ్ళందరినీ పోగేసి తూకం షెడ్డు ముందు కూర్చోబెట్టింది. తాను అందరికంటే ముందు కూర్చుంది. మిషన్లు ఆగలేదు. కానీ తీసేసినవాళ్ళకి ఇవ్వాల్సింది ఎగ్గొట్టి పంపడం మాత్రం ఆ మేనేజర్ వల్ల కాలేదు.

అలా తోట వదిలి మొగుడి గుట్టకి వచ్చింది. మొగుడు కిప్రుగుత్‌కి ఇంటి వెనక కొన్ని టీ పొదలున్నాయి, కొట్టంలో ఒక మచ్చల ఆవుంది, ఇంట్లో తప్కిగెన్ అనే తల్లి ఉంది. సొంత పొదలైతే కష్టం తీరుతుందనుకుంది జెరూబెత్. ఇక్కడా అదే తంతు. పొద్దున కోసిన ఆకు తీసుకుని ఆడవాళ్ళు రోడ్డు పక్క షెడ్డులో ఫ్యాక్టరీ లారీ కోసం పడిగాపులు కాయాలి. మధ్యాహ్నానికి వస్తానన్న లారీ దీపాలు పెట్టేవేళకి వస్తుంది. ఈలోగా సంచిలో ఆకు వేడెక్కి నల్లబడుతుంది. లారీ దిగినవాడు చెయ్యి పెట్టి చూసి, "ఇది పనికిరాదు" అని పక్కన పారేస్తాడు. ఆలస్యం లారీది, శిక్ష ఆకుది.

ఇదిలా ఉండగా పక్క గుట్ట ఆడవాళ్ళు తమ ఆకుని తామే టీ చేసుకుంటున్నారని విని చూడటానికి వెళ్ళింది. వాళ్ళు ఆకుని నీడలో వాడబెట్టి, చిన్న చేతి మిషన్‌లో నలిపి, తడిగుడ్డ కప్పి మాగబెట్టి, ఆరబెట్టారు. వాళ్ళకి ఆ పని నేర్పినామె ఒక గాజు గ్లాసులో పాలు పోయకుండా ఇచ్చింది. జెరూబెత్ మొహమాటానికి ఒక గుక్క తాగింది.

ముందు వగరు తగిలింది. అబ్బే అనుకుంది. ఆ వగరు నాలుక మీద నుంచి మెల్లగా జారిపోయాక అడుగునుంచి ఒక తీపి లేచింది. పచ్చి మొక్కజొన్న పొత్తు నిప్పుల మీద కాల్చినప్పుడు వచ్చే తీపి. దాని వెనకాలే వాన వెలిసిన పొద్దున పొదల మధ్యకి వెళ్తే ముక్కుకి కొట్టే వాసన. ఆమెకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఇన్నేళ్ళు ఈ ఆకుని వేల బుట్టలు మోశాను, దీన్ని కలవడం మాత్రం ఇప్పుడే అనుకుంది.

ఇంక ఇంట్లో వాళ్ళ పని అయిపోయింది. చేత్తోనే నలుపుతూ రోజుకో రకం కాచేది. నిమ్మగడ్డి వేసింది ఒకటి. అది గొంతు దిగగానే ఒళ్ళు కడుక్కున్నట్టు హాయిగా ఉండేది. పొయ్యి పైన అటక మీద పొగకి ఆరబెట్టిన ఆకు ఇంకొకటి, తాగుతుంటే ముసలాయన కంబళి వాసన, కానీ విడవబుద్ధి కాదు. ఊదారంగు ఆకు పొదలు రెండుండేవి. వాటి టీలో నిమ్మరసం పిండితే కళ్ళముందే గులాబీ రంగుకి తిరిగేది. రుచి మాత్రం నేరేడు పండు గింజ నమిలినట్టుండేది.

"రోగం చెప్పకుండా మందులు మాత్రం పోస్తున్నావేమే?" అనేవాడు కిప్రుగుత్.

"నోరుమూసుకు తాగరా" అనేది తప్కిగెన్ అవ్వ కొడుకుతో. "నా కోడలు వైద్యం నేర్చుకుంటోంది. మనం పోతే ఊళ్ళోవాళ్ళకి పోస్తుంది."

పక్క గుట్టవాళ్ళు తమ రెండో మిషన్‌ని జెరూబెత్‌కి అరువిచ్చారు. ఒక షరతు మీద. తన గుట్ట ఆడవాళ్ళు కూడా చేరి, కోసిన ఆకులో కొంత వాటా పెట్టి సంఘంగా పనిచేస్తే మిషన్ అక్కడే ఉంటుంది. లేకపోతే ఆదివారం పొద్దున వచ్చి ఇంకో ఊరికి పట్టుకుపోతారు. ఒక్క ఇంటి ఆకుతో మిషన్ తిరగదు. ఆ మిషన్ పోయిందా, మళ్ళీ లారీవాడి దయే.

అందుకే ఆ శనివారం పిలుపు. ఒకసారి తాగితే చాలు, తనకి పట్టిన పిచ్చి వాళ్ళకీ పడుతుందని నమ్మింది. పాలు పోస్తే ఆకు రుచి చచ్చిపోతుందని ఆ నేర్పినామె చెప్పిన మాట వేదంలా పట్టుకుంది.

ఆ రోజు లారీ ఎందుకో వేళకే రావడంతో ఆడవాళ్ళు షెడ్డులో ఆకు తూకం వేయించి, నడుములు పట్టుకుంటూ వచ్చి కూర్చున్నారు. అందరిలోకీ ముందు కూర్చుంది చెమ్తాయ్. పొరుగింటామె, వరసకి వదిన, ఆమె మాట్లాడితే అవతలి గుట్టకి వినిపిస్తుంది. జెరూబెత్ వరసగా పోసింది. ఉత్త ఆకు, నిమ్మగడ్డి, పొగ టీ, చివర ఊదారంగుది.

అందరూ కప్పుల్లోకి తొంగిచూశారు.

"వదినా," అంది చెమ్తాయ్ గొంతు బాగా తగ్గించి, "పొయ్యి మీద ఇంకేమన్నా ఉందా?"

"ఇదే. తాగి చెప్పండి ఎలా ఉందో."

ఆముదం తాగినట్టు ఎత్తి ఒక్క గుక్కలో దించేశారు. "బాగుంది." "చాలా బాగుంది." "ఒంటికి మంచిది." ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరి చూపూ కొట్టం వైపు పోయింది. ఆవు లేదక్కడ, కిప్రుగుత్ మేతకి తోలుకుపోయాడు. జెరూబెత్ మిషన్ మాట ఎత్తేలోపే ఒకామె లేచింది. "దూడ కట్టు తెంచుకుంటుందమ్మా." ఇంకొకామెకి పొయ్యి గుర్తొచ్చింది. చిటికెలో పీటలన్నీ ఖాళీ.

జెరూబెత్ కప్పులు కడుగుతూ కూలబడింది. "నచ్చలేదత్తా. మిషన్ సంగతి అడగనైనా లేదు. రేపు పట్టుకుపోతారు."

తప్కిగెన్ అవ్వ కండువా నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఇంకా ఎండ పూర్తిగా వాలలేదు. చెమ్తాయ్ తిరిగొచ్చింది, శాలువా కింద ఏదో దాచుకుని. ఇటూ అటూ చూసి బయటికి తీసింది. సొరకాయ బుర్ర నిండా పాలు.

"మా దూడకి కడుపు బాలేదు, తాగట్లేదు. పాలు పారబోయడమెందుకని."

ఆ వెనకే ఇంకొకామె బుర్రతో వచ్చింది. "మా అత్త ఊరెళ్ళింది, ఇంట్లో తాగేవాళ్ళు లేరు." ఆ అత్త అప్పుడే వీధిలో తన బుర్రతో వస్తోంది. చూస్తుండగా గుమ్మం దగ్గర బుర్రలు బారులు తీరాయి. ఆ కొండల్లో ఆవు వట్టిపోయిన ఇంటిని ఏమైందని అడగరు. అడిగి సిగ్గుపెట్టరు. ఏదో అబద్ధమాడి పాలిచ్చి పోతారు.

"అయ్యో, మా ఆవు బాగానే ఇస్తోందే!" అంది జెరూబెత్ బిక్కచచ్చి.

"ఇస్తుందమ్మా, ఎందుకివ్వదు," అన్నారు అందరూ, జ్వరమొచ్చినవాళ్ళని ఓదార్చినట్టు.

సరిగ్గా అప్పుడే కిప్రుగుత్ ఆవుని తోలుకొచ్చి కట్టేసి పాలు పితికాడు. నురగలు కక్కుతున్న బకెట్ తెచ్చి అందరి మధ్యా పెట్టి, "ఏమిటి, మా ఇంట్లో ఎవరన్నా పోయారా?" అన్నాడు.

చెమ్తాయ్ బకెట్ చూసింది. ఆవుని చూసింది. ఈసారి గొంతు అవతలి గుట్ట దాకా పోయింది.

"పాలున్నాయా! ఇన్ని పాలు పెట్టుకుని మాకు నల్లనీళ్ళు పోశావా! పాలు లేక పోశావనుకుని జాలిపడ్డాం. ఉండీ పోయలేదంటే ఏమిటే దానర్థం? మమ్మల్ని లేచి వెళ్ళమనా?"

"కాదు వదినా! ఆకు రుచి తెలియాలని..."

"ఆకు రుచి నాకు చెప్తావా? పొద్దున్నుంచి దాంతోనే కాపురం చేస్తున్నా!"

బుర్రలు మళ్ళీ శాలువాల కిందికి పోతున్నాయి. అవి గుమ్మం దాటితే మిషనే కాదు, పొరుగు కూడా పోతుంది. అప్పుడు తప్కిగెన్ అవ్వ కర్ర నేలకి తాటించింది.

"మనుషులొచ్చారు, పాలొచ్చాయి. పెళ్ళికి కూడా ఇన్ని రావు. పెద్ద కుండ పెట్టవే!"

"అత్తా, ఈ ఆకులో పాలు పోస్తే..."

"పోస్తే ఏమవుతుంది, లారీవాడు తిరిగి పంపుతాడా?"

జెరూబెత్ పెద్ద కుండ చేతిలోకి తీసుకుంది. మా నోటికి రుచి ఏమిటో ఎవరో ఎక్కడో కూర్చుని చెప్పడం, మేం తలాడించడం, ఇన్నేళ్ళూ జరిగింది అదే కదా అనుకుంది. తాను కొత్తగా చేసిందీ అదేనా? కుండ పెట్టింది. అన్ని బుర్రల పాలూ బకెట్ పాలూ కలిపి పోసింది, నీళ్ళు మొహమాటానికి. అల్లం దంచి పడేసి, డబ్బాలోంచి ఉత్త ఆకు గుప్పిళ్ళతో తీసి వేసింది.

పొంగు వచ్చేసరికి గుమ్మం దాటబోయినవాళ్ళు ఆగిపోయారు. దుకాణం పొడి వేస్తే పాలకి రంగు వస్తుంది, అంతే. ఇక్కడ పాల కిందనుంచి ఆకు తల పైకెత్తింది. చెమ్తాయ్ కప్పు అందుకుని నిలబడే ఒక గుక్క తాగింది. పీట లాక్కుని కూర్చుంది. రెండో గుక్క నోట్లోనే కాసేపు ఉంచుకుంది.

"ఇది మన గుట్ట ఆకేనా?"

"మీ పొదల పక్కనున్న పొదలదే."

"మరి పొట్లంలో ఇన్నాళ్ళూ మనకి పోసిందేమిటే?"

"ఊడ్చింది."

చెమ్తాయ్ కొన్ని తిట్లు తిట్టింది. అవి ఇక్కడ రాయకూడనివి, కానీ తగినవే.

అప్పుడు జెరూబెత్ మిషన్ సంగతి చెప్పింది. వాటా సంగతి, ఆదివారం సంగతి దాచకుండా చెప్పింది. ఫ్యాక్టరీవాడు ఊరుకుంటాడా అని ఒకామె అడిగింది. ఊరుకోకపోతే షెడ్డు ముందు కూర్చుందాం, నాకు అలవాటే అంది జెరూబెత్. నష్టమొస్తే? వస్తే అందరికీ వస్తుంది, ఇప్పుడు రావట్లేదా? చాలాసేపు వాదులాడుకున్నారు. కుండ రెండోసారి కాగింది.

చివరికి చెమ్తాయ్ తేల్చింది. "వాటా పెడతాం. కానీ ముందు మన సంతకి పోవాలి, పాలల్లోకి. మన ఊరివాళ్ళు తాగాక మిగిలితే పై ఊళ్ళకి. నీ నిమ్మగడ్డి, నీ పొగ, నీ గులాబీ నీళ్ళు అన్నీ చెయ్యి, వద్దనం. పట్నంలో ఆవుల్లేనివాళ్ళకి అమ్ము, పాపం."

అందరూ విరగబడి నవ్వారు. జెరూబెత్ కూడా నవ్వింది. షరతుకి ఒప్పుకుంది, ఒక్క విషయంలో తప్ప.

"పొగ టీ మాత్రం నేను పాలు పోయకుండానే తాగుతాను. మీరేమన్నా అనుకోండి."

"తాగవే తల్లీ. మేం అటు తిరిగి కూర్చుంటాం."

ఆదివారం పొద్దున పక్క గుట్టవాళ్ళు మిషన్ కోసం వచ్చేసరికి దాని చుట్టూ బుట్టలున్నాయి, బుట్టల చుట్టూ ఆడవాళ్ళున్నారు, ముందు ఎవరి ఆకు నలపాలన్న దగ్గర పెద్ద తగువు నడుస్తోంది. మిషన్ పిడి చెమ్తాయ్ చేతిలో ఉంది. ఎవరడిగినా ఇవ్వట్లేదు.