యేసుమణక్క పెట్టిన పేజీ

యేసుమణక్కది శంషాబాద్ బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్. పక్కనే నా టైలరు షాపు. ఇంటర్ చదివి, టైపు నేర్చి, ఎక్కడా ఉద్యోగం దొరక్క బూత్ పెట్టుకున్న మనిషి. తొంభై తొమ్మిదిలో ఓ పాత కంప్యూటరు కొని ఫోను లైనుకు తగిలించింది. ఇంటర్నెట్ అప్పుడు మాకు కొత్త. లైను కలిసేటప్పుడు కీచుమని అరిచి, సగంలో తెగిపోయి, మళ్లీ అరిచేది. ఆ అరుపుకు నా కత్తెర పక్కకు పోయేది. తిట్టుకునేవాణ్ని.

విమానాశ్రయం వస్తుంది, భూములు పోతాయి అని ఊళ్లన్నీ గుబులుగా ఉన్న రోజులవి. పేపరువాళ్లు రాయలేదు. అధికారులు వినలేదు. అక్కకు ఒళ్లు మండింది. రైతులు చెప్పింది చెప్పినట్టు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఓ పేజీలో పెట్టడం మొదలుపెట్టింది. లోకంలో ఎవరో ఒకరు చదవకపోతారా అని ఆమె ఆశ.

ఓ రోజు తొండుపల్లి రైతు బాలమల్లు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"నా పెండ్లాన్ని మా చెల్కలనే బొందపెట్టిన అక్కా. విమానం దిగితే ఆమె మీదనే దిగుతది. గిది రాయి" అన్నాడు.

రాసింది. కింద అతని పేరు, తండ్రి పేరు, ఊరు కూడా రాసింది.

"పేర్లెందుకక్కా? వాళ్లు పరేషానైతరు" అని నేను మొత్తుకున్నాను.

"చర్చిల సాక్ష్యం చెప్పేటోళ్లు లేచి నిలబడి పేరు చెప్పరా? పేరు లేకుంటే సాక్ష్యమెట్లయితది?" అంది.

ఆమెకు తెలిసిన పద్ధతి అదే. చర్చిలో పేరు చెబితే అందరూ ఆమెన్ అంటారు. ఇక్కడ జీపు వచ్చింది.

ఏ ఆఫీసో చెప్పని ఇద్దరు దిగారు. చేతిలో ఆ పేజీ అచ్చుతీసిన కాగితాలు. అక్కను ఏమీ అనలేదు. ఫోను వైరు కత్తిరించి, తిన్నగా తొండుపల్లి వెళ్లి బాలమల్లును ఎక్కించుకుపోయారు. పేజీ తీసేస్తే మనిషిని వదులుతామని కబురు పంపారు.

అక్క కోఠీ వెళ్లి, అక్కడో ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, తన చేత్తోనే మొత్తం చెరిపేసింది. ఒక్క బాలమల్లుదే కాదు, అందరివీ. సర్కారుకు ఆ శ్రమ కూడా తప్పింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

బాలమల్లును వదిలారు. ఇంటికి కూడా పోకుండా కుంటుకుంటూ బూత్‌కే వచ్చాడు. మూతి వాచిపోయింది. అక్క మంచినీళ్లిస్తే తాగలేకపోయాడు.

"మస్తు కొట్టిండ్రక్కా. నేను గట్ల అనలేదని చెప్పుమన్నరు. చెప్పలే" అన్నాడు. "ఇగ నన్నేమన్న చేసుకోనీ. అది మాత్రం ఉండాలె. ఎవలొచ్చి బెదిరించినా తియ్యకు."

అక్క నావైపు చూసింది. నేను తలదించుకుని మిషను తొక్కాను.

"తియ్యనన్నా, ఎట్ల తీస్త?" అంది.